బస్టాండు సరుకు

మా తమ్ముడికి సిగ్గనేది పుట్టుకతోనే లేదని మా అమ్మ ముద్దుగా అంటూ ఉండేది. ఇప్పుడు ఆవిడ లేదు కాబట్టి ఆ మాట నేనే అనాల్సి వస్తోంది. నా నోట్లో దానికి ముద్దు తగలడం లేదు.

వాడు ఊరి బయట అద్దాల మేడల్లో వెలిసిన ఒక ప్రైవేటు యూనివర్సిటీలో అడ్మిషన్ల ఆఫీసరు. ఆఫీసరు అంటే పెద్ద పనేదో అనుకునేరు. చల్లటి గదిలో కూర్చుని, పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చిన తల్లిదండ్రులను మాటల్లో పెట్టి చేర్పించుకోవడమే ఆ పని. ఎవరైనా పొరపాటున ఊళ్ళో ఉన్న సర్కారు యూనివర్సిటీ పేరెత్తారా, వీడు కుర్చీలో వెనక్కి వాలి జాలిగా నవ్వుతాడు. "ఆ బస్టాండుకా?" అంటాడు. సిటీ బస్సులు ఆ గేటు ముందే తిరుగుతాయి కాబట్టి దానికి ఆ పేరు పెట్టాడు. అక్కడ చదివినవాళ్ళు బస్టాండు సరుకట. పెళ్ళిలో కనపడినా, ఆసుపత్రిలో కనపడినా ఇదే పాట. ఒకసారి నేను పనిచేసే వార్డులోకే వచ్చి, మంచం మీదున్న రోగి కొడుక్కి ఈ ఉపన్యాసం దంచాడు. నేను నర్సుని కాబట్టి సరిపోయింది. విజిటింగ్ టైమైపోయిందని బయటికి గెంటేశాను.

ఇంతకీ వీడెక్కడ చదివాడు? అక్కడే! మా ఇంట్లో ఉండి, నేను కట్టిచ్చిన డబ్బా పట్టుకుని, ఆ బస్సే ఎక్కి వెళ్ళి చదివాడు. లెక్కలు వాడి బుర్రకెక్కకపోతే ఆ యూనివర్సిటీ మేష్టారొకాయన సాయంత్రాలు తన ఇంటికి పిలిపించుకుని, విసుక్కుంటూనే గట్టెక్కించాడు. ఆ డిగ్రీ చూపించే మొదట మందుల కంపెనీలో చేరాడు, తర్వాత ఇన్సూరెన్సులో చేరాడు, చివరికి ఈ అద్దాల మేడ ఎక్కాడు. మేడ ఎక్కిన రోజునుంచీ ఎక్కడ చదివావని ఎవరడిగినా "సిటీలోనే" అని నసిగి మాట మార్చేస్తాడు. ఏరు దాటి తెప్ప తగలేసేవాళ్ళను చూశాం. వీడు తగలేసి ఊరుకోక, అవతలి ఒడ్డున నిలబడి ఆ తెప్ప ఎక్కితే మునుగుతారని జనానికి చెబుతున్నాడు.

ఆ యూనివర్సిటీ స్వర్గమని నేననను. ఫ్యాను తిరిగితే గది మొత్తం మూలుగుతుంది. పరీక్ష రాసిన సంగతి పిల్లలు మరిచిపోయాక రిజల్ట్సు వస్తాయి. కౌంటర్లో గుమాస్తా తలెత్తి చూస్తే ఆ రోజు మన అదృష్టం బాగున్నట్టు. అయినా మా ఆసుపత్రిలో పిల్లల డాక్టరమ్మ అక్కడ చదివినావిడే. మా వీధి కుళాయిలో నీళ్ళొచ్చేలా చేసిన ఇంజనీరూ అక్కడివాడే. డబ్బున్నవాడి కొడుకైనా, బస్సు పాసు మీద వచ్చే పిల్లైనా, పేపరు రాయలేకపోతే అక్కడ తప్పాల్సిందే. ఊళ్ళో దానికి పరువు వచ్చింది అందుకే. అద్దాల మేడలో ఫెయిలయ్యేవాడే లేడని మా వాడు గొప్పగా చెబుతాడు. పైన పటారం, లోన లొటారం!

వాడి కూతురు, నా మేనకోడలు, వాడిలా వాగదు. చిన్నప్పటినుంచీ దానికి రాళ్ళంటే పిచ్చి. ఎక్కడికెళ్ళినా ఒక రాయి జేబులో వేసుకొచ్చేది, వాళ్ళమ్మ బట్టలు ఉతికేటప్పుడు తిట్టుకునేది. పెద్దయ్యాక భూగర్భశాస్త్రం చదువుతానంది, ఊళ్ళో యూనివర్సిటీ ప్రవేశపరీక్ష రాసింది, సీటు తెచ్చుకుంది. మరొకడైతే వీధంతా చెప్పుకుని చంకలు గుద్దుకునేవాడు. మా వాడు మాత్రం ఇల్లు పీకి పందిరేశాడు. సొంత కూతుర్ని బస్టాండులో చేర్చినవాడి మాట ఎవరు వింటారని వాడి ఏడుపు. తమ దగ్గరే మేనేజ్‌మెంటు కోర్సులో చేరమన్నాడు. అక్కడ భూగర్భం లేదు మరి, ఉన్నదంతా పైపైనే. పిల్ల ఒప్పుకోకపోయేసరికి దాని ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టుకెళ్ళి తన ఆఫీసు సొరుగులో పెట్టి తాళం వేశాడు. అవి చూపించకపోతే సర్కారు సీటు పోతుంది. చూపించడానికి ఆఖరి రోజు దగ్గరపడింది.

ఆ ఆఖరి రోజునే అద్దాల మేడలో తల్లిదండ్రుల సభ. అక్కడ పిల్ల వేదికెక్కి, సర్కారు సీటు వచ్చినా కాదనుకుని ఇక్కడ చేరుతున్నానని చెప్పాలట. కన్నకూతుర్నే షోకేసులో పెడుతున్నాడు దౌర్భాగ్యుడు. మా మరదలు ఏడుస్తూ నాకు ఫోను చేసింది. నేను సెలవు పెట్టి, పిల్లను వెంటబెట్టుకుని వెళ్ళాను. బతిమాలో, నాలుగు తగిలించో ఆ సొరుగు తాళం తీయించాలని నా ఉద్దేశం.

హాలు నిండా జనం. వేదిక మీద లెక్చరర్లు కోట్లు తొడుక్కుని వరసగా కూర్చున్నారు. మధ్యలో ఆ సంస్థ యజమాని. మా వాడు మైకు అందుకుని ఊగిపోయాడు. సర్కారు కాలేజీల్లో పిల్లలు ఎలా పాడైపోతారో చెప్పాడు, తమ దగ్గర ఎలా మెరిసిపోతారో చెప్పాడు. ఆ ఊపులో చెయ్యెత్తి అన్నాడు: "నాదీ హామీ! మా దగ్గర ఏ పిల్లాడికీ మూట మిగలదు!"

వేదిక మీదున్న లెక్చరర్లు ఒక్కసారిగా ఫక్కున నవ్వారు.

తప్పిన పేపర్ని ఊరంతా బ్యాక్‌లాగ్ అంటుంది. ఆ సర్కారు యూనివర్సిటీలో మాత్రం మూట అంటారు. వచ్చే ఏటికి నెత్తిన పెట్టుకుని మోసుకుపోవాలి కాబట్టి మూట. అక్కడ చదవనివాడికి ఆ మాట తెలియదు, చదివినవాడి నోట్లోంచి చచ్చినా పోదు. మా ఇంట్లో వీడు ఎన్ని మూటల గురించి ఏడ్చాడో నాకు తెలుసు. ఇప్పుడు పదిమందిలో అడ్డంగా దొరికిపోయాడు. వీడొక్కడే దొరికితే ఫరవాలేదు, నవ్వినవాళ్ళంతా దొరికారు. ఆ కోట్లన్నీ ఒకే తానులో ముక్కలు.

మూడో వరసలో ఒక తండ్రి లేచి నిలబడ్డాడు. ఆయన కూడా అక్కడివాడే అయుంటాడు, మీసం చాటున నవ్వుకుంటున్నాడు. "అయితే సార్, మీరందరూ బస్టాండు సరుకేనా?" అని నింపాదిగా అడిగాడు. లెక్చరర్లలో ఒకావిడ తలవంచుకుని చెయ్యెత్తింది. పక్కాయన ఎత్తాడు. తర్వాత దాదాపు అందరూ ఎత్తారు. యజమాని మాత్రం మూట అంటే ఏమిటని అటూ ఇటూ తిరిగి అడుగుతున్నాడు, చెప్పే నాథుడు లేడు.

మా వాడు తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. వెనక్కి తగ్గే రకమా! గొంతు సవరించుకుని, ఇప్పుడు మా అమ్మాయి మాట్లాడుతుందంటూ పిల్లను పైకి పిలిచి మైకు చేతికిచ్చాడు. అది వేదిక మీద కోట్లు తొడుక్కున్నవాళ్ళ వైపు ఒకసారి చూసింది.

"ఇక్కడ పాఠాలు చెప్పేవాళ్ళంతా అక్కడే నేర్చుకున్నారు," అంది. "వాళ్ళకి చెప్పినచోటే నేనూ చదువుకుంటాను. ఈరోజే ఆఖరి రోజు. నా సర్టిఫికెట్లు ఇచ్చేయ్ నాన్నా."

అంతమంది తల్లిదండ్రుల ముందు ఇవ్వనని ఎలా అంటాడు? తాళంచెవి తీసి ఇచ్చాడు. ఇచ్చేటప్పుడు కూడా జనం వైపు చూసి నవ్వాడు. మేము ఆటోలో పడి పరిగెత్తి, కౌంటరు మూసేలోపు చేరుకున్నాం. గుమాస్తా తలెత్తకుండానే, ఇంత ఆలస్యమా అని సణిగి, కాగితాలు తీసుకుని ముద్ర కొట్టాడు. పిల్ల అక్కడే నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

ఇంత జరిగాకైనా బుద్ధొచ్చిందా అంటే, ఎక్కడ! యజమాని నాలుగు చీవాట్లు పెట్టాడేగాని ఉద్యోగం తీయలేదు. వీడు కొత్త పాట కట్టాడు. ఎదురుగా తల్లిదండ్రులు కూర్చోగానే గుండె మీద చెయ్యేసుకుని, "మా అమ్మాయి నా మాట వినక అక్కడ చేరి పాడైపోయింది, మీ పిల్లలకి ఆ గతి పట్టకూడదు," అంటున్నాడు. ఆ పాడైపోయిన పిల్ల క్లాసులో మొదటి వరసలో ఉంది. కొండల మీదికి వెళ్ళి, సుత్తితో రాళ్ళు కొట్టి, ఎండకి కమిలి ఇంటికొచ్చి సంతోషంగా నిద్రపోతోంది. నేను వాణ్ణి పట్టుకుని దులిపేశాను. వ్యాపారం అక్కా, వాళ్ళకేం తెలుస్తుందిలే అన్నాడు.

వాళ్ళకి తెలియకపోవచ్చు, పిల్లకి తెలిసింది. దాని స్నేహితురాలి తమ్ముణ్ణి మా వాడి కుర్చీ ముందుకే తీసుకెళ్ళారు మరి. ఇంటికొచ్చి వాళ్ళ నాన్నని ఒక్కమాట కూడా అనలేదు. అన్నా నాకు బాధుండేది కాదు.

మొన్న ఆదివారం మా తమ్ముడు మా ఇంటికొచ్చాడు. కాసేపు అదీ ఇదీ మాట్లాడి, పిల్ల తనతో సరిగా మాట్లాడటం లేదన్నాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి అడిగాడు.

"అక్కా, అక్కడ దాని ఫ్రెండ్స్‌కి నా గురించి ఏమైనా చెబుతుందా?"

"చెబుతుంది. మా నాన్న కూడా ఇక్కడే చదివాడని చెబుతుంది."

వాడి మొహం వెలిగింది. "ఇంకా?"

"ఏం పని చేస్తాడని అడిగితే మాట మార్చేస్తుందట," అన్నాను.