ఇనుపబండికి పూజ

యుద్ధం రోజుల్లో రేణిగుంట దగ్గర మిలిటరీ షెడ్డులో నేను ఫిట్టరుని. మా సుబేదారు భక్తి తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. తిరుపతి మనిషి. పొద్దున లేవగానే నుదుటిన నామం దిద్దేవాడు, దిద్దిన మరుక్షణం ఎవడో ఒక సిపాయి అమ్మనూ అక్కనూ తిట్టేవాడు. కొట్టిన చేత్తోనే ప్రసాదం కళ్లకద్దుకునేవాడు.

ఆ ఏడు ఆయుధపూజకి షెడ్డులోని ఇనుపబండిని, అదే యుద్ధ ట్యాంకుని, కడిగించి, గుమ్మడికాయ కొట్టించి, బంతిపూల దండలు వేయించాడు. అంతటితో ఊరుకుంటే బాగుండేది. ఇంజను మూత ఎత్తించి, నామం పెట్టుకునే తెల్లమట్టిలో బంక కలిపి, లోపల మెరిసే ఇత్తడి ముక్కలన్నిటికీ తన చేత్తోనే బొట్లు పెట్టాడు. పూజనాడు పనిముట్టు ముట్టకూడదు కాబట్టి మేమెవరం దగ్గరికి పోలేదు.

పూజ అయ్యాక మొదటిసారి బండి తీస్తే ఇంజనులో మంట లేచింది. డ్రైవరు నగరి నేతగాళ్ల ఇంటివాడు, నెమ్మదస్తుడు. మంట లేస్తే ఆర్పడానికి ఆ బండిలో ఒక మందు సీసా ఉంటుంది. సీటు పక్కన పిడి లాగితే సీసా సీలు పగిలి, మందు గొట్టాల వెంట పోయి ఇత్తడి మూతుల్లోంచి ఇంజను మీద చిమ్మాలి. వాడు లాగాడు, చిమ్మలేదు. మళ్లీ లాగాడు. ఆఖరికి కిందికి దూకి, గోనెపట్ట పట్టుకుని మంట మీద పడ్డాడు. మేము ఇసుక తెచ్చేలోగా రెండు చేతులూ కాలిపోయాయి.

"వీడు పిడి లాగలేదు, బయపడి దూకేసినాడు" అని సుబేదారు పైకి రాశాడు. యుద్ధకాలంలో పిరికివాడనిపించుకుంటే జైలే. ఆ తర్వాత ఏ మిలిటరీ కొలువూ లేదు, ఆ చేతులతో ఇంట్లో మగ్గమూ ఎక్కలేడు.

ఎక్కడ చెడిందో చూడమని నన్ను దింపారు. పిడి తీగ బాగానే ఉంది. సీసా తల విప్పితే సీలు పగిలి ఉంది, అంటే వాడు లాగాడు. గొట్టంలో ఊదితే నా ఊపిరి నాకే తిరిగొచ్చింది. చివరనున్న ఇత్తడి మూతులు విప్పి చూశాను. ప్రతిదాని రంధ్రంలోనూ ఆ తెల్లమట్టి బొట్టు ఇంజను వేడికి కాలి, కుండపెంకులా గట్టిపడి ఉంది.

తీసుకుపోయి సుబేదారుకి చూపించాను. మొహం పాలిపోయింది, కానీ ఒక్క క్షణమే.

"సామి బొట్టుకే వంక పెడతావా రా? నోరు మూసుకోని కడుగు. కొత్త సీసా బిగించు."

కడిగాను, బిగించాను. పగిలిన సీలూ ఒక మట్టిపెంకూ మాత్రం జేబులో వేసుకున్నాను, విచారణకి తెల్లదొర వస్తే చూపిద్దామని.

దొర వచ్చాడు. సుబేదారు డ్రైవరుని ఆసుపత్రి మంచం మీంచి లేపించి తెప్పించి, సీట్లో కూర్చోబెట్టాడు.

"లాగితే రాలేదంటివే. ఇప్పుడు లాగు, సూద్దాం."

కట్లు కట్టిన చేతులతో వాడు పిడి పట్టుకున్నాడు. కట్టు తడిసి ఎర్రబడింది. పళ్లు బిగబట్టి లాగాడు. ఇంజను మీద మందు బుస్సుమని చిమ్మింది. దొర తల ఊపి కాగితం మీద ఏదో రాసుకున్నాడు.

నేను ముందుకు పోయి సీలూ పెంకూ దొర చేతిలో పెట్టి, జరిగిందంతా తెలుగులో చెప్పాను. సుబేదారు దాన్ని ఇంగ్లీషులో చెప్పాడు. నాది అంత పొడుగు, ఆయనది ఒక్క ముక్క. దొర నవ్వి పెంకుని కింద పారేశాడు. ఆ నవ్వుకి ఆ పెంకుతోనే వాళ్లిద్దరి కళ్లూ పొడవాలనిపించింది.

డ్రైవరుని జైలుకి పంపారు. లారీ ఎక్కించేటప్పుడు నన్ను చూసి ఆగాడు. తిడతాడనుకున్నాను, తిట్టినా బాగుండేది.

"బాగా చేసినావప్పా రిపేరు," అన్నాడు. "ఒక్క లాగుకే చిమ్మేసినాది."