నొప్పి లేని పుండు

గట్టు ఊరి దగ్గర మా చిన్నమ్మ చేలో విత్తనపత్తికి క్రాసింగ్ జరిగే రోజుల్లో మోటారు సైకిలు మీద ఓ సూదులాయన వచ్చేవాడు. పూలకు పుప్పొడి అద్దుతున్న ఆడవాళ్లు సాళ్ల మధ్యనుంచి వచ్చి రవికె చెయ్యి పైకి లాగితే ఇంజెక్షన్ గుచ్చి పోయేవాడు. చర్మం మీది మట్టి కూడా తుడిచేవాడు కాదు. తలుచుకుంటే ఇప్పటికీ ఒంటి మీద తేళ్లూ జెర్రులూ పాకుతాయి.

చిన్నమ్మకు కీళ్లవాతం. ఒక పూట పని మానితే ఆ పూట పూలన్నీ పోయినట్టే. సూది పడితే సాయంత్రానికి నొప్పి మాయం. మొహం గుండ్రంగా ఉబ్బితే ఒళ్లు చేసిందని ఊరంతా మెచ్చుకుంది. మెచ్చుకోవడానికైనా బుద్ధుండాలి.

నేను వనపర్తిలో జీవశాస్త్రం చెబుతాను. మన కణాల్లో ఎన్.ఎఫ్. కప్పా బి అనే ప్రోటీన్ ఉంది. క్రిమి లోపలికి వచ్చిందంటే అది కేంద్రకంలోకి దూరి, పోరాటానికి కావలసిన జన్యువులను లేపుతుంది. వాపు, నొప్పి, జ్వరం ఆ పోరాటంలోవే. అదుపు తప్పితే కీళ్లను తినేదీ అదే. ఆ సూదిలోని స్టెరాయిడ్ దాని నోరు నొక్కుతుంది, కీళ్ల దగ్గరే కాదు, ఒళ్లంతా.

ఓ ఆదివారం వెళ్లేసరికి చిన్నమ్మ పాదానికి చీరపీలిక కట్టుకుని చేలోనే ఉంది. తుమ్మముల్లు దిగిందట. కట్టు విప్పితే కంపు గుప్పుమంది. పసుపు, చీము, మట్టి ముద్దయి, నల్లబడ్డ చర్మం పీలికతో పాటే ఊడొచ్చింది. చేను ఒడ్డునే కక్కుకున్నాను.

“ఏందే గట్ల జేస్తవ్? నొస్తలేదు బిడ్డా, జరం గూడ లేదు. పత్తి పనైనంక సూపిచ్చుకుంట,” అంది.

కాలు దక్కుతుందో లేదో. అప్పుడే వచ్చిన సూదులాయన్ను నిలదీశాను.

“నొప్పి పోయిందా లేదా, గది జెప్పుండ్రి మేడం,” అన్నాడు నవ్వుతూ.

వాడి మొహాన ఉమ్మేయాలనిపించింది. ఆ రోజే చిన్నమ్మను దవాఖానకు తీసుకెళ్లాను.

మోకాలి కిందికి కాలు తీసేశారు. చూడవచ్చిన పక్క చేనావిడ మంచం దగ్గర కూర్చోగానే చిన్నమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

“కోసినకాడ మస్తు నొస్తుందమ్మా. ఈళ్లకేం తెల్వదు. మన సూదుల సారును జర తోల్కరా,” అంది.