వాగు అవతలికి మడిచిన ఊరు

1994 ఎండాకాలంలో నన్ను క్వారీ సర్వే నుంచి తీసి సివిల్ విభాగంలో వేశారు. చంద్రపూర్ జిల్లా కోర్పణా తాలూకాలో ఒక సిమెంటు కర్మాగారం. అందులో నేను అసిస్టెంటు సర్వేయరును. లైసెన్సుల కట్టుబాట్లు సడలిన రోజులవి. కర్మాగారం పెరుగుతోంది, కాలనీలో ఇళ్లూ పెరుగుతున్నాయి. బోరు నీళ్లు చాలక, వాగు ఒడ్డున పంపుహౌసు కట్టి కాలనీ ట్యాంకుకు పైపు వేయాలనుకున్నారు. వాగుకు కాలనీ ఉన్న వైపునే ముప్పై గడపల తెలుగు రైతుల పల్లె ఒకటుంది. దానికీ అదే పంపు నుంచి ఇంకో పైపు వేస్తామని యాజమాన్యం మాటిచ్చింది.

మా చైన్‌మన్ పోశన్నది ఆ పల్లే. చైన్‌మన్ అంటే కొలత గొలుసు పట్టేవాడు. హోదాలో సర్వేయరుకు కింద, నేల సంగతి తెలియడంలో చాలాసార్లు పైన.

స్టోర్సులో ఆరు మీటర్ల పైపులు నూట డెబ్బై ఉన్నాయి. కొత్తవి కొనే అనుమతి లేదు. డిప్యూటీ మేనేజరు కులకర్ణి గారు పంపుహౌసును కాలనీకి సూటిగా ఎదురుగా గుర్తుపెట్టారు. అలా అయితే రెండు లైన్లకూ కలిపి రెండు వందల ఆరు పైపులు కావాలి. ఆయన ఎర్ర పెన్సిలుతో పల్లె లైను కొట్టేసి, వచ్చే ఏడు చూద్దామన్నారు.

"పోయినేడు గూడ గిట్లనే అన్నరు సారూ," అన్నాడు పోశన్న నాతో. "మా ఆడోళ్లు ఇంకెన్నొద్దులు వాగు ఇసుకల చెలిమెల కాడ కూసుండాలె?"

ఆ మధ్యాహ్నం ఆప్టికల్ స్క్వేరు తుడుస్తూ కూర్చున్నాను. గీతకు లంబం ఎటో చూపించే చిన్న ఇత్తడి డబ్బా అది. లోపల రెండు అద్దాలుంటాయి. ఆ అద్దాలు చూస్తుంటే పాలిటెక్నిక్‌లో మా లెక్చరరు చెప్పిన పాఠం గుర్తొచ్చింది.

వెలుగు అద్దం మీద ఏ కోణంలో పడుతుందో అదే కోణంలో వెనక్కి వస్తుంది. కలన గణితం పుట్టడానికి పదిహేను వందల ఏళ్లకు పైగా ముందే ఒక గ్రీకు పండితుడు దీన్ని వట్టి గీతలతో రుజువు చేశాడు. వెలుగు అన్నిటికన్నా దగ్గరి దారినే ఎంచుకుంటుందని ఆయన అనుకున్నాడు. చూసే కన్ను అద్దానికి ఎంత ముందుందో అంతే వెనక ఇంకో కన్ను ఉన్నట్టు గీశాడు. అద్దాన్ని తాకి ముందున్న కంటికి వచ్చే ప్రతి దారీ, వెనకున్న కంటికి వెళ్లే దారంత పొడవే ఉంటుంది. వాటిలో చిన్నది సరళరేఖ. అది అద్దాన్ని దాటే చోట రెండు కోణాలూ సమానం.

వాగును అద్దమనుకుంటే మా లెక్కా ఇదే: కాలనీ వెలుగు బయల్దేరే చోటు, పల్లె చూసే కన్ను, పంపుహౌసు వెలుగు అద్దాన్ని తాకే చోటు. అక్కడ వాగు కిలోమీటరు దాకా గీత గీసినట్టు పారుతుంది.

ఆ లెక్కన పంపుహౌసు చోటు ప్లాను మీద గుర్తుపెట్టి కులకర్ణి గారి దగ్గరికి వెళ్లాను. డిఫరెన్షియేషన్ చేసి చూపించమన్నారు. డిప్లొమా పరీక్ష రాసిన రోజే మరిచిపోయానని చెప్పాను. ఆయన నవ్వి, నేను చెప్పిన చోట గుండుసూది గుచ్చి, కాలనీ నుంచి ఆ సూది మీదుగా పల్లెకు దారం లాగి కొలిచారు. తర్వాత పట్టుదల వచ్చి ఇంకో నాలుగు చోట్ల గుచ్చారు. ప్రతిసారీ ఎక్కువ దారమే పట్టింది. అయినా ఆయన నిక్కమైన ఇంజనీరు. నాలుగు చోట్ల ఓడితే ఐదో చోటా ఓడతానని ఏముందని అడిగారు.

నేను ట్రేసింగు కాగితాన్ని వాగు గీత వెంట మడిచి, పల్లె ఉన్నచోట సూది గుచ్చి విప్పాను. పల్లె వాగు అవతలికి వెళ్లింది. గుమ్మం దగ్గర నిలబడ్డ పోశన్న వంగి చూశాడు.

"మా ఊరు వాగవతల ఉన్నదనుకోండ్రి సారూ. కాలనీకెల్లి సీదా పోతరా, వంకర తిరిగి పోతరా? ఏడ వాగు దాటినా సీదా తొవ్వకన్న ఎక్కువే నడవాలె గద!"

ఆ మాట నేను హిందీలో చెప్పాను. కులకర్ణి గారు సూదులన్నీ ఒక్కొక్కటిగా పీకి, ఎర్ర గీత చెరిపి, మూడు చాయ్‌లు తెప్పించారు.

మర్నాడు గూటం కొట్టబోతే ఆ చోట పెద్ద బండ! పది మీటర్లు పక్కకు జరిగి మళ్లీ కొలిచాం. పొడవు పెరిగింది జానెడు లోపే. అతి దగ్గరి దారికి చుట్టుపక్కల పొడవు పెద్దగా మారదని నాకు అప్పుడే తెలిసింది. కలన గణితం మొదలయ్యేది ఆ సంగతితోనేనని కులకర్ణి గారు తర్వాత చెప్పారు.

వానలకు ముందే పైపులు వేశాం. రెండు మిగిలాయి. పల్లెలో నీళ్లు దూకిన రోజు పోశన్న ముందు తన మొహం కడుక్కుని, తర్వాత నన్ను నిలువునా తడిపాడు. ఊరు ఊరంతా నవ్వింది.

ఆ పనిలో నేను నేర్చుకున్నది ఇది. కొలత మనం నిలబడి కొలిచిన చోటు గురించే చెబుతుంది. రుజువు మనం వెళ్లని చోట్ల గురించి కూడా చెబుతుంది, కానీ బండ ఎక్కడుందో చెప్పదు. సర్వేయరుకు రెండూ కావాలి.