పడమటి నుంచి వచ్చిన పెట్ట

మా ఇంటి ఆడపిల్ల కాపురానికి వెళ్లేటప్పుడు చలిమిడి బిందె, పసుపు కుంకుమలు, చీరలతో పాటు నాలుగు పావురపు పిల్లలను వెదురు బుట్టలో పెట్టి పంపడం మా నాన్నగారి కాలం నుంచి ఉన్న ఆచారం. ఆయన చెల్లెలి సారెలో వెళ్లాయి. నా చెల్లెలి సారెలో వెళ్లాయి. మూడేళ్ల కిందట మా అమ్మాయి సారెతో ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం వెళ్లాయి. ఈ ఆచారానికి నియమం ఒక్కటే: పిల్లల వయసు ముప్పై రోజులు దాటకూడదు. పందెపు పావురం రెక్కలొచ్చే వయసులో ఏ డాబా మీద నుంచి మొదటిసారి చుట్టూ చూస్తుందో, ఆ డాబానే తన ఇల్లనుకుంటుంది. ఆ తరువాత దానిని ఎవరికిచ్చినా, ఎంత ప్రేమగా పెంచినా, వదిలితే ఆ ఇంటికే వెళ్తుంది. మా అమ్మాయికి ఇచ్చిన పిల్లల వయసు ఇరవై ఎనిమిది రోజులు. గుడ్డు పగిలిన తేదీ నాకు తెలుసు కనుక పొరపాటుకు అవకాశం లేదనే అనుకున్నాను.

ఉద్యోగ జీవితమంతా నేను డ్రైనేజీ ఆఫీసులో కొల్లేరు మట్టాల పటాలు గీశాను. పటం మీద గీత ఒక మిల్లీమీటరు జరిగితే ఎవరి చేలో మునిగినట్టు కనబడతాయి. ఆ జాగ్రత్తే పావురాల దగ్గరకూ వచ్చింది. మా పందేల సంఘంలో పావురాలను వదిలే చోటుకూ ఒక్కొక్కరి డాబాకూ మధ్య దూరం లెక్కకట్టేది నేనే. పందెంలో ముందు చేరిన పావురం గెలిచినట్టు కాదు. దూరాన్ని పట్టిన నిమిషాలతో భాగించగా వచ్చిన వేగం ఎవరిది ఎక్కువో వారిది గెలుపు. అందువల్ల దూరం తప్పితే న్యాయం తప్పుతుంది. నా దూరాలను ఇంతవరకు ఎవరూ ప్రశ్నించలేదు. మా నాన్నగారు మద్రాసు నుంచి రైల్లో ఒడిలో పెట్టుకుని తెచ్చిన ఒక్క జత సంతతి ఈనాటికీ మా డాబా మీద ఎగురుతోంది. ఈ రెండు విషయాలనూ చెప్పుకోవడానికి నాకు సంకోచం లేదు.

గూడెంలో మా అమ్మాయి గూడు కట్టుకున్నది అత్తవారి మేడ మీద. ఆ మేడ అంతకు ముందు మా వియ్యపురాలి ఒడియాలది, అప్పడాలది. నిరుడు సారె పావురాల్లో మూడింటిని పందేనికి పంపితే ఒక్కటీ తిరిగి రాలేదు. మిగిలింది ఒక గళ్ల పెట్ట, దాని కడుపున పుట్టిన ఒక పోతు. ఈ ఏడు పందేలు మొదలయ్యే ముందు వియ్యపురాలు మా ఎదుటే అమ్మాయితో అన్నారు.

"చూడమ్మా, ఇచ్ఛాపురం నుంచి ఒక్కటంటే ఒక్కటి పొద్దుగూకేలోగా తన రెక్కల మీద తను మనింటికొస్తే నీ గూడు నీదే. రాలేదనుకో, గూడు విప్పించేసి ఒడియాలు పెట్టుకుంటాను. కోపంతో అంటున్నది కాదు. మూడు ప్రాణాలు పోయాయి, నా మేడా పోయింది."

ఆమె మాటలో అన్యాయం నాకు కనబడలేదు. మా అమ్మాయికీ కనబడలేదు. "సరేనండి, అత్తయ్యగారూ," అని పెట్టనూ పోతునూ రెండింటినీ పంపింది. ఆ గూడు విప్పితే గూడెంలో మా నాన్నగారి సంతతి అక్కడితో ఆగిపోతుంది.

పందెం రోజు ఉదయం ఆరు గంటలకు ఇచ్ఛాపురంలో పావురాలను వదిలారు. అక్కడి నుంచి మా డాబాకు నేరుగీతలో నాలుగు వందల అరవై నాలుగు కిలోమీటర్లు. గూడేనికి నలభై మూడు తక్కువ. వరుసగా మూడేళ్లు మొదటి స్థానం తెచ్చిన మా నీలి పోతు ఒంటిగంటంపావు ప్రాంతంలో రావాలని నా అంచనా. నేనూ నా భార్యా డాబా మీద ఈశాన్యం వైపు చూస్తూ కూర్చున్నాం. ఇంతలో అమ్మాయి ఫోను.

"నాన్నగారండీ, గుంపు మా మేడ మీద నుంచే వెళ్లిపోయింది. ఒక్కటీ దిగలేదండీ."

ఫోను పెట్టిన అరగంటకు ఆకాశంలో ఒక చుక్క కనబడింది. తిన్నగా వచ్చి మా పిట్టగోడ మీద వాలింది. అది నీలి పోతు కాదు. అమ్మాయి గళ్ల పెట్ట. సమయం ఒంటిగంటా పద్నాలుగు నిమిషాలు. గోడ మీది మూకుడులో నీళ్లు తాగి, సొంత ఇల్లయినట్టు మా గూటి వాకిలి వైపు నడిచింది.

"దీనికి ఈ డాబా ఎలా తెలుసు? ఇరవై ఎనిమిదో రోజుకే పంపేశాం," అన్నాను.

నా భార్య చెప్పింది. "పంపేముందు వారం రోజులు పొద్దున్నే ఆ బుట్ట తెచ్చి ఈ గోడ మీద పెట్టేదాన్నండీ. పిల్లలు పాలిపోయినట్టుంటే కాస్త ఎండ తగులుతుందని. ఆడపిల్ల వెంట వెళ్లేవి కళగా ఉండాలి కదా."

"నాకు చెప్పలేదే."

"మీరు వయసడిగారు. ఎండ సంగతి అడగలేదు."

వెదురు సందుల్లోంచి ఆ పిల్ల ఏలూరును చూసింది. దానికి రెండు ఇళ్లున్నాయి. ఇన్నాళ్లూ తూర్పు నుంచి వచ్చేటప్పుడు గూడెం ముందు తగిలేది కనుక అక్కడ దిగేది. ఈ రోజు మా పావురాల గుంపుతో కలిసి రెండో ఇంటికి వచ్చింది.

"ఏవండీ, బుట్టలో పెట్టి కార్లో తీసుకెళ్లిపోదాం. గంటలో గూడెం. మేడ మీద వదిలితే ఎవరికి తెలుస్తుంది?"

"తన రెక్కల మీద రావాలన్నారు ఆవిడ."

"బుట్టలో ఉన్నా రెక్కలు దాని దగ్గరే ఉంటాయి కదండీ."

పెట్ట వాకిలికి రెండు జానల దూరంలో ఉంది. లోపలికి వెళ్లి నాలుగు జొన్నలు తిన్నదంటే ఆ రోజుకు ఇక కదలదు. వాకిలి మూస్తే నా పోతుకు దారి ఉండదు. మిగిలింది నల్ల జెండా. ఎగరడం నేర్పేటప్పుడు పావురాలను దిగనీయకుండా ఊపే గుడ్డ అది. ఆ జెండా ఊపడం అమ్మాయికి నేర్పింది నేనే. దాన్ని చూస్తే పెట్ట లేస్తుంది. అయితే అది ఊగుతుండగా నా పోతు వస్తే అదీ దిగదు.

జెండా తీశాను. పెట్ట లేచి గోడ చివర వాలింది. మళ్లీ ఊపాను. లేచి, మళ్లీ వాలింది. మూడోసారి ఊపుతుండగా నా భార్య మెల్లగా, "మనది వచ్చిందండీ," అంది. నీలి పోతు మా తల మీదుగా వచ్చి, జెండాను చూసి, కాలువ వైపు మళ్లిపోయింది. నేను ఊపడం ఆపలేదు. చివరికి పెట్ట ఎత్తుకు లేచి రెండు చుట్లు తిరిగి తూర్పుకు తిరిగింది. అది కనుమరుగయ్యాక జెండా దించాను. పోతు ధైర్యం తెచ్చుకుని గూట్లోకి వచ్చేసరికి పదకొండు నిమిషాలు పోయాయి. పావురం లోపలికి వచ్చాకే కాలి రబ్బరు ఉంగరం తీసి, దాని లోపలి సంఖ్యను ఫోటో తీసి సంఘానికి పంపాలి. గాలిలో తిరిగిన నిమిషాలకు మినహాయింపు లేదు.

అమ్మాయికి జరిగినదంతా ఫోనులో చెప్పి, పడమటి వైపు చూడమన్నాను. దూరం నలభై ఏడు కిలోమీటర్లు, మామూలుగా ముప్పావు గంట దారి. కానీ ఆ పెట్ట పడమటి నుంచి గూడేనికి ఎన్నడూ ఎగరలేదు. దారి పొడవునా చేపల చెరువులు, పక్షులు దిగకుండా వాటి మీద కట్టిన తాళ్లు. దక్షిణాన కొల్లేరు, అక్కడి డేగలు. నా దగ్గరున్న ఏ అంకె నుంచీ దాని రాకను లెక్కకట్టడం సాధ్యం కాలేదు. రెండయింది. మూడయింది. నాలుగింటికి అమ్మాయి ఫోను చేసింది.

"మా పోతు జాడా లేదండీ. అత్తయ్యగారు గొడుగేసుకుని మేడ మీదే కూర్చున్నారు. కిందకి రమ్మంటే రావట్లేదు."

ఐదుంపావుకు మళ్లీ మోగింది. ఈసారి మాట్లాడింది వియ్యపురాలు.

"అన్నయ్యగారండీ, మీ గళ్లది వచ్చిందండీ. ముందు చూసింది నేను, మీ అమ్మాయి కాదు."

"చాలా సంతోషమండీ, చెల్లెమ్మగారూ."

"పుట్టింటికెళ్తే మీరు గింజ కూడా పెట్టలేదటగా."

"నీళ్లు పెట్టామండీ."

"నీళ్లు పెట్టి తరిమారు. మేం జొన్నలు పెట్టాం లెండి. అన్నట్టు, ఒడియాలు కింద పెరట్లో పెట్టుకుంటాను. అక్కడా ఎండ బాగానే తగులుతుంది."

పెట్ట రొమ్ము మీద కొన్ని ఈకలు ఊడిపోయాయని అమ్మాయి తరువాత చెప్పింది. తాడు తగిలిందో, డేగ తగిలిందో తెలియదు. తెలియనిది నేను రాయను.

ఆ రాత్రి ఫలితాల పట్టిక వేసింది నేనే. మా వీధి చివర లేత్ షాపు నడిపే సాయిబుగారి పావురం మొదట వచ్చింది. నా పోతుది రెండో స్థానం. "గురువుగారూ, మీ నల్ల జెండాకి నేనొక దండ వేయాలండీ," అని ఆయన నవ్వారు. మా అమ్మాయి పెట్ట పేరు అట్టడుగున, ఆఖరి స్థానంలో రాశాను. నియమం ప్రకారం అది సరైన స్థానమే. అయితే ఆ రోజు ఏలూరు ఆకాశంలోకి అన్నిటికంటే ముందు వచ్చిన పావురం అదే. అలసిన రెక్కలతో తెలియని దిక్కు నుంచి మళ్లీ ఇల్లు వెతుక్కున్నదీ అదే. పట్టికలో దానికి గడి లేదు కనుక ఇక్కడ రాస్తున్నాను: నాలుగు వందల అరవై నాలుగు, ఆ మీద నలభై ఏడు, మొత్తం ఐదు వందల పదకొండు కిలోమీటర్లు.

వియ్యపురాలు ఈ మధ్య ఇంటికి వచ్చినవారినందరినీ మేడ మీదకు తీసుకువెళ్లి ఆ పెట్టను చూపిస్తున్నారు. పోయిన వారం నేను వెళ్లేసరికి ఎవరికో, "మా పావురం ఒక్క రోజులో ఆరు వందల కిలోమీటర్లు ఎగిరిందండీ," అని చెబుతున్నారు.

"ఐదు వందల పదకొండండీ, చెల్లెమ్మగారూ," అన్నాను.

"ఆ పదకొండు సంగతి మీరు చూసుకోండి, అన్నయ్యగారూ," అని ఆమె పెట్ట ముందు మరో గుప్పెడు జొన్నలు చల్లారు.