నా తుంటి గిన్నెకు స్క్రూలు కావాల్నా వద్దా

ఆ రోజులల్ల ఇంట్ల ఒకరికి ఆపరేషనంటే ఇంటోళ్లందరు డాక్టర్లయ్యేటోళ్లు. నాకు చిన్నప్పుడు జ్వరమొచ్చి తుంటి చెడిపోయిందట. ఇరవై దాటంగనే కీలంత అరిగె. (రాసుడు నాకు కొత్త, జర ఎనకముందైతే ఏమనుకోకుండ్రి.) కరీంనగర్ల వాడకట్టు ఆడోళ్లతోని కింద కూసొని, చేట ఒళ్లె పెట్టుకొని బీడీలు చేసేదాన్ని. గా కూసునుడే బందయ్యింది. మల్ల గట్ల కూసోవాలె, గంతే నా ఆశ.

డాక్టరు సారు గరుకు గరుకు ఇనుప గిన్నె చేతుల పట్టుకొని చెప్పిండు. "దీన్ని తుంటి గుంటల పెడతం. సిమెంటు ఉండది. బొక్కనే, అంటే ఎముకనే, పెరిగి దీన్ని పట్టుకోవాలె. అందాక కదలకుండ రెండు తీర్లున్నయి. గుంటను గిన్నెకంటె జర చిన్నగ తొలిచి బిగ్గ కొట్టుడొకటి, పైనుంచి స్క్రూలు గూడ బిగించుడొకటి."

ఇగ ఇంట్ల లొల్లి షురువాయె. మా బాపు ఆటో నడుపుతుండె. "స్క్రూలుండాలె. ఉత్తగ కొడితే ఆగుతదా?" అన్నడు. మేనమామ వడ్లాయన, కట్టెపని చేస్తడు. "ఏంది బావా, గొడ్డలికి కట్టె కామ ఎక్కిస్తే స్క్రూలు బిగిస్తమా?" "అది గొడ్డలి, ఇది నా బిడ్డ!" "నీ ఆటోకు నట్లన్ని ఉన్నయా మరి? తొవ్వపొంటి రాల్చుకుంటనే వస్తవు గద!" ఇద్దరు అన్నం కాడ చెరో గోడకు మొఖం పెట్టి కూసున్నరు. నడుమ మంచంల నేను, ఏడ్సుకుంట.

ఆపరేషన్ల సారు గిన్నెను బిగ్గనే కొట్టిండు. "గట్టిగ పట్టింది, స్క్రూల అవసరం పడలే" అన్నడు. మామ మీసం దువ్వి, "నానబెట్టేది ఎప్పుడు సార్?" అన్నడు. "దేన్ని?" "పిల్లను. కామ ఎక్కించినంక నీళ్లల్ల ఏస్తేనే ఉబ్బి పట్టుకుంటది. తొట్టి గూడ తెచ్చిన." బాపు తల వంచుకున్నడు. తొట్టి వచ్చింది ఆయన ఆటోలనే!

"కుట్లకు నీళ్లు తాకితే చీము పడ్తది! బొక్క కట్టె కాదయ్యా!" అని సారు మొత్తుకున్నడు. నేను నొప్పిలనే నవ్విన. నవ్వుకుంటనే అడిగిన, "సార్, మల్ల కింద కూసుంటనా?"

సారు మంచం కాడికొచ్చిండు. "లేదమ్మా, కింద కూసున్నా, బాగ వంగినా కీలు జారుతది. ఇగ కుర్చీనే."

"స్క్రూలు పెడితే?"

"ఎట్ల పెట్టినా గంతే."

గంత కొట్లాడిండ్రు గదా, గీ ఒక్క ముచ్చట ఎవ్వరడగలే. ఆపరేషన్‌కు ముందు నేను గూడ అడగలే. తువ్వాల మొఖం మీద కప్పుకున్న.

ఇప్పటికి కుర్చీల కూసొనే బీడీలు చేస్త. "దొరసానమ్మా, జర దిగిరారాదు" అని కిందికెల్లి ఆడోళ్లు ఎక్కిరిస్తరు. "మీరే వచ్చి నా కాళ్లొత్తుండ్రి" అంట నేను, మెడ నిక్కబెట్టి. అందరం నవ్వుతం. అటెన్క వాళ్లు తలకాయలు దగ్గర పెట్టుకొని ఏదో గుసగుస చెప్పుకుంటరు. నాకు సగమే ఇనవడ్తది. మిగిలింది ఇందామని వంగబోయి, ఆగి, ఇననిదానికి గూడ వాళ్లతోనే నవ్వుత.