ఆదివారం నాగా

నాకు కోపం ఎక్కువని ఇంట్లో అందరూ అంటారు. అననీ. ఆ కోపమే లేకపోతే మా తరగతి పిల్ల ఒకతి ఆ సంవత్సరం పదో తరగతి పరీక్షకు కూర్చునేది కాదు.

ఎనభైల చివరి మాట. తాండూరులో ఉర్దూ మీడియం పిల్లలకు లెక్కలు చెప్పేదాన్ని. మా బడిలోనే తెలుగు మీడియం కూడా ఉండేది. ఒకటే గేటు, ఒకటే గంట. కాకపోతే వాళ్లకు ఆదివారం సెలవు, మాకు శుక్రవారం. ఆదివారం సగం గదులకు తాళాలుంటే మిగతా సగంలో మేం ఎక్కాలు చదివించేవాళ్లం. నేను చదువుకున్నప్పుడూ అంతే, కాబట్టి అందులో నాకు వింతేమీ కనిపించేది కాదు.

అప్పుడే వికారాబాద్‌లో ఒక బడికి కంప్యూటర్ వచ్చింది. చుట్టుపక్కల బళ్ల నుంచి కొందరు టీచర్లకు దాని మీద శిక్షణ ఇచ్చారు. మాలో అందరికంటే పెద్దవాడు ఒక సైన్సు మాస్టారు. పెద్దసారు అనేవాళ్లం. పిల్లలదీ టీచర్లదీ హాజరు లెక్క తీసే ప్రోగ్రాం ఆయనే రాశాడు. రాసి దాచుకోలేదు, అదీ ఆయన గొప్ప. మొత్తం ప్రోగ్రాంను కాగితాల మీద ప్రింటు తీసి తలా ఒక కట్ట ఇచ్చాడు.

"ఎక్కడన్న బాగలేకుంటె మార్చుండ్రి. మార్చింది నాకు రాసి పంపుండ్రి. మంచిగుంటె అందరి ఫ్లాపీలల్ల ఎక్కిద్దాం" అన్నాడు.

అలా ఆ ప్రోగ్రాం ఇన్‌లాండు లెటర్ల మీద పెరిగింది. ఫలానా నంబరు లైను తీసేసి ఇది పెట్టండి అని ఎవరో రాసేవారు. నెలకొకసారి వికారాబాద్‌లో కూర్చుని దాన్ని నడిపి చూసేవారు. బాగుంటే ఆ లైను పక్కనే పంపినవాళ్ల ఊరి పేరు చేర్చేవారు. కొడంగల్ ఉంది, దౌల్తాబాద్ ఉంది, బంట్వారం రెండుసార్లు ఉంది. తాండూరు లేదు. నాకది ముల్లులా గుచ్చుకునేది. ఆ మీటింగులు ఆదివారాలు జరిగేవి మరి, నేను ఒక్కదానికీ పోలేదు. నా సెలవు రోజైన శుక్రవారం పొద్దున ప్యాసింజర్ ఎక్కి, ధారూర్ దాటి వికారాబాద్‌లో దిగి, అక్కడి పిల్లలు అన్నాలకు లేచిన గంటలో మా రిజిస్టర్లు టైపు చేసుకుని వచ్చేదాన్ని.

పరీక్ష ఫారాలు నింపే రోజుల్లో హాజరు కాగితం ప్రింటయి వచ్చింది. నూటికి డెబ్బై అయిదు ఉండాలి. బండల గనిలో పనిచేసే మనిషి కూతురొకతి ఉండేది, తరగతిలో లెక్కలు నా కంటే ముందు చేసే పిల్ల. ఆ పిల్లకు డెబ్బై మూడు వచ్చింది. మా పిల్లలు నన్ను ఆపా అనేవాళ్లు, అక్క అన్నట్టు.

"ఆపా, టైఫాయిడ్ వచ్చిన మూడు వారాలు తప్ప నేను ఒక్కరోజు నాగా పెట్టలే. మెషీన్‌కు ఎవరు చెప్పిన్రు?"

రిజిస్టరు ముందేసుకుని కూర్చున్నాను. మెషీన్‌కు చెప్పింది పెద్దసారే. ఆదివారం ఎవరైనా వచ్చినట్టు టైపు చేస్తే ప్రోగ్రాం దాన్ని సెలవని వదిలేస్తోంది. శుక్రవారం ఖాళీగా ఉంటే నాగా వేస్తోంది. అంటే ఏడాది పొడుగునా మా పిల్లలు వచ్చిన రోజు లెక్కలో లేదు, రాని రోజు ఉంది. నా ఒళ్లు మండిపోయింది. ఆ మంటలోనే ఆదివారం అన్న ప్రతిచోటా శుక్రవారం పెట్టి, ఆ లైన్లు రాసి పోస్టులో పడేశాను.

పెద్దసారు జవాబు ఎర్ర సిరాతో వచ్చింది. "ఇలా చేస్తే మిగతా బళ్లలో ఆదివారాలన్నీ నాగా పడతాయి. కొంచెం చూసుకుని పంపండి." ఆయన అన్నది నిజం. నిజం కాబట్టే ఇంకా మండింది.

ఈసారి నింపాదిగా ఎనిమిది లైన్లు రాశాను. లెక్క మొదలుపెట్టే ముందు ప్రోగ్రాం ఒక్క ప్రశ్న అడుగుతుంది, ఈ తరగతికి వారపు సెలవు ఏ రోజని. అంతే. దానికీ ఎర్ర సిరానే. "ఒక్క బడి కోసం అందరినీ ప్రతిసారీ ప్రశ్న అడగడం అనవసరం. మీరు శుక్రవారం హాజరు వేసుకుంటే సరిపోతుంది."

రాని రోజు వచ్చినట్టు దొంగ హాజరు వేసుకోవాలట. వచ్చిన పిల్లలకు దొంగతనం ఎందుకు? ఆ ఉత్తరాన్ని నాలుగు ముక్కలు చేసి, మళ్లీ అతికించి దాచాను, ఆయనకే చూపించాలని.

మా హెడ్మాస్టరు మెత్తని మనిషి, కానీ కాగితానికి భయపడేవాడు. నేను చేత్తో తీసిన లెక్క ఆయనకు చూపించాను. "వికారాబాద్ ప్రోగ్రాంల మారి వస్తెనే సంతకం పెడ్త టీచర్. రెండు లెక్కలు పంపితె నన్నడుగుతరు. ఫారాలు సోమవారం పోవాలె" అన్నాడు. ఆ ముందురోజే వికారాబాద్‌లో మీటింగు. లీవు లెటర్ రాసి ఆయన ముందు పెట్టాను.

"ఆదివారం లీవా?" అని నవ్వాడు.

"ఆదివారం నాకు డ్యూటీ సార్. నెల నెల మీరే సంతకం పెడ్తున్నరు గద."

మీటింగులో పది మంది ఉన్నారు, అందరూ ఆదివారం సెలవు వాళ్లే. ఈ సంగతి ఆ గదిలో ఎవరికీ ఎందుకు తట్టలేదో నాకప్పుడు అర్థమైంది. అర్థమైనంత మాత్రాన కోపం తగ్గలేదు. పెద్దసారు తన తరగతి రిజిస్టరు తెచ్చుకున్నాడు. నేను టైపు చేసి పెడతానని అడిగి తీసుకున్నాను. అయితే నా మొదటి ప్రోగ్రాం ఎక్కించాను, ఆయన తిప్పి పంపిన తప్పుల తడక. ప్రింటరు కర్రుకర్రుమని కాగితం కక్కింది. హాజరు తక్కువని ఆయన తరగతిలో తొమ్మిది మంది పేర్లు వచ్చాయి. మొదటి పేరు ఆయన మెచ్చుకునే పిల్లవాడిది.

"ఇది తప్పు ప్రోగ్రాం" అన్నాడు.

"అవును సార్. నేనే రాసిన, మీరే వాపసు పంపిన్రు. మీ పిల్లలకు ఇది ఎట్ల చేసిందో, మా పిల్లలకు మీది గట్లనే చేస్తున్నది."

అతికించిన ఉత్తరం ఆ కాగితం పక్కన పెట్టాను. ఆయన రెండూ చదివి, "గీ సంగతి మీటింగుకు వచ్చి చెప్పుంటె అయిపోతుండె గద టీచర్" అన్నాడు.

"వచ్చే మీటింగు శుక్రవారం పెట్టుండ్రి సార్, వస్త."

"శుక్రవారం బడుంటది. అందరు ఎట్ల వస్తరు?"

"నేను ఇయ్యాల ఎట్ల వచ్చిన్నో గట్లనే."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. నా ఎనిమిది లైన్లున్న కాగితం అడిగి తీసుకుని, తనే కూర్చుని ఒక్కొక్కటీ టైపు చేశాడు. క్షమించమని అనలేదు, నేనూ ఆశించలేదు. చివరి లైను పక్కన తాండూరు అని కొట్టి, నా వైపు చూడకుండానే ఫ్లాపీ చేతిలో పెట్టాడు. దానికంటే ముందు మా బడి లెక్క అక్కడే మళ్లీ తీశాం. ఆ పిల్లకు ఎనభై ఎనిమిది వచ్చింది.

సోమవారం హెడ్మాస్టరు సంతకం పెట్టాడు. ఆ పిల్ల ఫారం మీద తన పేరు రాసి, సిరా ఆరేదాకా ఊదుతూ కూర్చుంది.

టీచర్ల హాజరు కాగితం ఆ నెలాఖరున వచ్చింది. అందులో మొదటిసారి మా ఆదివారాలన్నీ లెక్కలోకి వచ్చాయి. నేను మీటింగుకు పోయిన ఆదివారం ఎదురుగా నాకు నాగా పడింది. పాత ప్రోగ్రాం అయితే ఆ రోజు నేను వచ్చానో లేదో దానికి పట్టేదే కాదు. ఉద్యోగంలో నేను తీసుకున్న పతకాలు ఎక్కడున్నాయో తెలియదు కానీ, ఆ నాగా ఉన్న కాగితం మాత్రం నా బీరువాలో ఉంది.