వాక్యం మరిచిన మధ్యాహ్నం

గత నెల మదనపల్లెలో ఒక పెళ్లి భోజనానికి వెళ్లాను. ఈ మధ్య అన్ని పెళ్లిళ్లలో లాగే అక్కడా మన కంచం మనమే పట్టుకుని వరుసలో నిలబడాలి. మోకాళ్ల నొప్పులున్నవాడికి అదొక శిక్షే. అయినా చివర్లో పాయసం ఉందని తెలిసి నిలబడ్డాను. నా ముందు ఒక చిన్నపాప ఉంది. ఆమె వంతు వచ్చేసరికి వడ్డించేవాడు గరిటె ఎత్తి "ఏం పెట్టేదమ్మా?" అన్నాడు. జనాన్ని చూసి బెదిరిందేమో, పాప నోరు తెరవలేదు. కంచాన్ని గుండెకు ఆనించుకుని అలాగే నిలబడింది. వరుస ఆగిపోయింది. వెనక ఎవరో విసుక్కున్నారు. నేను మాత్రం పాయసం సంగతి మరిచిపోయి పక్కకు వచ్చి కుర్చీలో కూలబడ్డాను.

తొంభైలలో, పుంగనూరులో, ఒక ఎండాకాలం మధ్యాహ్నం ఇంకో పాప ఇలాగే కంచం పట్టుకుని మా అత్త ముందు నోరు తెరవకుండా నిలబడింది. బెంచీ మీద నా పక్కన కూర్చున్న ఇద్దరు మగవాళ్లు ఆ పాప నోటి వైపే చూస్తున్నారు. ఆ నోట్లోంచి మాట రాకపోతే ఆమెను చెయ్యి పట్టుకుని లాక్కుపోవడానికి వచ్చినవాళ్లు వాళ్లు.

అత్త అంటే మా నాన్నకు చెల్లెలు. పెళ్లయిన కొన్నాళ్లకే భర్త పోతే, పుంగనూరు చివర్లో ఉండే మిషన్ ఆశ్రమంలో కుట్టుపనికి చేరింది. తరవాత బాప్తిస్మం తీసుకుంది, వార్డెన్ అయింది. మా ఇంట్లో కొంతకాలం ఆమెతో మాటలు లేవు. ఆమె పెట్టే నిమ్మకాయ ఊరగాయకు మా నాన్న నోరు కట్టుకోలేకపోవడం వల్ల మళ్లీ కలిశాయి. నేను మదనపల్లెలో ఒక దినపత్రికకు పనిచేస్తూ టమోటా ధరలు, బస్సు ప్రమాదాలు రాసుకునేవాణ్ణి. పుంగనూరు వైపు వార్త ఏదైనా తగిలితే మోపెడ్ ఆ ఆశ్రమం ముందు దానంతట అదే ఆగేది.

పొడుగాటి పెంకుటిల్లు, ముందు వసారా, వసారా కొసన వంటిల్లు. దిక్కులేని ఆడపిల్లలు, మొగుడు పోయి అత్తింట్లో చోటు లేని ఆడవాళ్లు ఉండేవారు. దాన్ని మొదలుపెట్టింది విదేశం నుంచి వచ్చిన ఒక దొరసాని. నేనెరిగేసరికి ఆమె వృద్ధురాలై తన దేశం వెళ్లిపోయింది. అక్కడి చర్చివాళ్లు పంపే గుడ్డల బేళ్లు మాత్రం వస్తుండేవి. బేలు విప్పితే కలరా ఉండల వాసన వీధి దాకా కొట్టేది. ఒక బేలులో ఒకే రకం గుడ్డ ఉంటుంది కాబట్టి ఆ ఏడాది పిల్లలందరికీ అదే గౌను. ఆ ఏడాది నీలం మీద తెల్ల చుక్కలు. కిటికీలకూ అవే చుక్కలు, వంటమనిషి తలగుడ్డకూ అవే చుక్కలు.

దొరసాని వదిలి వెళ్లిన ఆచారం ఒకటుంది. మధ్యాహ్నం గంట కొట్టగానే పిల్లలు కంచాలతో వరుస కట్టాలి. ఒక్కొక్కరే ముందుకు వచ్చి ఒక బైబిలు వాక్యం అప్పజెప్పాలి. అప్పుడే కంచంలో సంగటి ముద్ద పడుతుంది. వాక్యం రాకపోతే వెనక్కి వెళ్లి వరుస చివర నిలబడాలి. దొరసానికి తెలుగు అంతంత మాత్రం. పిల్లలు "పులగూరలో ఉప్పు లేకపోయెను" అని గంభీరంగా చెప్పినా తల ఊపి ముద్ద పెట్టేదట. మా అత్త దగ్గర ఆ ఆటలు సాగలేదు. వాక్యాలన్నిటిలోకీ చిన్నదొకటి ఉంటే అందరూ దాన్నే చెప్పి తప్పించుకుంటున్నారని దాన్ని కూడా నిషేధించింది. నేను భోజనం వేళకు వెళితే నన్నూ వరుసలో నిలబెట్టేది. నాకు వాక్యం రాక, ప్రతిసారీ వంటమనిషి దయ మీద బతికేవాణ్ణి.

ఇక ఆ పాప. తండ్రి చౌడేపల్లె దగ్గరి పల్లె మనిషి. అన్నదమ్ములతో పొసగక, పెళ్లవగానే కుప్పం వెళ్లి గ్రానైటు క్వారీలో పనికి కుదిరాడు. పాప అక్కడే పుట్టి పెరిగింది. క్వారీలో రాయి మీద పడి ఆయన పోయాడు. దినాలకు వచ్చిన ఆయన అన్నా తమ్ముడూ పాప తల్లితో, పిల్లను తీసుకుని ఊరికి వచ్చేయమన్నారు. ఎందుకో వాళ్ల మాటల్లోనే బయటపడింది. తమ్ముడి బావమరిది ఒకడు పెళ్లాం పోయి ఉన్నాడు. పన్నెండేళ్లు నిండని ఈ పాపను అతనికి ముడిపెడితే, చనిపోయినవాడి వాటా పొలం బయటికి పోదు. తల్లి సరేనని తల ఊపి, తెల్లవారకముందే పాపతో పలమనేరు బస్సు ఎక్కేసింది. క్వారీలో పనిచేసే ఒక చర్చి ఆమె పుంగనూరు ఆశ్రమం పేరు చెప్పి పంపింది.

వాళ్లు వచ్చిన వారంలోనే పిల్లలకు పేలు పడ్డాయి. పేల విషయంలో అత్తకు దయాదాక్షిణ్యాలు లేవు. మంగలిని పిలిపించి అందరికీ ఒకే రోజు గుండ్లు కొట్టించింది. కొత్తపాప తన పొడుగు జడను చూసుకుని ఏడ్చిందట. ఆ ఏడుపు సంగతి అత్త నాకు చెబుతుండగానే గేటు దగ్గర మోటారు సైకిలు ఆగింది. పొడుగు జడ ఉన్న పిల్లతో ఒక విధవరాలు బస్సు దిగిందా అని బస్టాండులో అడుగుతూ వచ్చిన అన్నదమ్ములు వాళ్లు.

తల్లి అప్పుడు వంటింట్లో సంగటి గెలుకుతోంది. మరిది గొంతు వినగానే కట్టెల వెనక్కి దూరింది. వంటింటి కిటికీ వసారాలోకే ఉంటుంది. ఆ చుక్కల గుడ్డ సందులోంచి అక్కడ జరిగేదంతా ఆమెకు కనిపిస్తుంది.

"మా అన్న బిడ్డ ఈడుండాదామ్మా?" అన్నాడు తమ్ముడు, కూర్చోకుండానే.

మా అత్త అబద్ధం ఆడదు. ఆడలేదు కూడా. "ఈడుండే బిడ్డలంతా నా బిడ్డలేనప్పా. ఎండన పడి వచ్చినారు, కూసోండి, మజ్జిగ తాగుదురు" అంది.

వాళ్లు పాపను చూసిందే దినాల్లో, అదీ ఆడవాళ్ల గుంపులో, జడతో. ఇప్పుడు వాకిట్లో ఆడుతున్నవన్నీ చుక్కల గౌన్లు, నున్నటి గుండ్లు. తమ్ముడు ఒక్కో గుండునూ చూస్తూ పళ్లు కొరుకుతున్నాడు. అన్న కూర్చుని మజ్జిగ తాగుతున్నాడు. ఎండకు నల్లబడిన పెద్ద ముఖం, తల మీద తువ్వాలు. నన్ను ఆఫీసు గుమాస్తా అనుకున్నారు. నేను కాదనలేదు.

పోలీసులను పిలవొచ్చు కదా అని మీకు తోచవచ్చు. ఆ వయసు పిల్లకు పెళ్లి చేస్తే నేరమని నాకూ తెలుసు, అత్తకూ తెలుసు. కానీ గేటు బయట నలుగురు పోగై, మతం మార్చడానికి పిల్లను దాచిపెట్టారనే మాట ఒక్కటి లేస్తే చాలు. సాయంత్రానికి అది ఊరంతా పాకుతుంది, మర్నాడు ఏ అక్షరాలతో పత్రికలో పడుతుందో ఆ పని చేసేవాడిగా నాకు బాగా తెలుసు. అందుకే బెంచీ మీద కదలకుండా కూర్చున్నాను. 

అత్తకు భయం వేస్తే మాటలు ఎక్కువవుతాయి. బెంచీ మీద ఎవరు కూర్చున్నా ఆశ్రమం మహిమ వినిపించకుండా లేవనిచ్చేది కాదు. ఆ రోజూ మొదలుపెట్టింది. దొరసాని, బేళ్లు, వాక్యాల ఆచారం. "మా బిడ్డలు వాక్యం సెప్పందే ముద్ద ముట్టరప్పా. కొత్తగా వచ్చినోళ్లు కూడా నెల తిరిగేలోపల నేర్సుకుంటారు" అంది గొప్పగా.

ఆ మాట నోట్లోంచి వచ్చాక తనేమన్నదో ఆమెకు తెలిసింది. తమ్ముడికీ తెలిసింది.

"అట్లనా? అంటే మొన్న వచ్చిన పిల్లకు ఇంకా రాదన్న మాట" అన్నాడు నవ్వుతూ. తువ్వాలు పరిచి బెంచీ మీద చతికిలబడ్డాడు. "అయితే మీ బిడ్డలు తినేది మేమూ సూసే పోతామమ్మా."

లోపలున్న వంటమనిషికి ఈ మాటలేవీ వినపడలేదు. వేళయింది కాబట్టి గంట కొట్టేసింది.

పిల్లలు వరుస కట్టారు. కొత్తపాప మధ్యలో ఎక్కడో ఉంది. నేను అటు చూడకుండా ఉండటానికి ప్రయత్నించాను, చూడకుండా ఉండలేకపోయాను. ముందున్నవాళ్లు వాక్యాలు చెబుతూ ముద్ద పెట్టించుకుని వసారాలో కూర్చుంటున్నారు. ఒక్కో వాక్యానికీ తమ్ముడు "ఊఁ" కొడుతున్నాడు. వరుస తరుగుతోంది. వంటింటి కిటికీకి ఉన్న చుక్కల గుడ్డ, గాలి లేకపోయినా, కదులుతోంది.

పాప ముందుకు వచ్చి నిలబడింది. ఆమెకు వాక్యం రాదు. వెనకున్న పిల్ల ఏదో అందిస్తూ గొణుగుతోంది కానీ పాప చెవికి ఎక్కడం లేదు. తన చిన్నాన్నను చూసేసింది. పెదవులు అదురుతున్నాయి. తమ్ముడు బెంచీ మీద ముందుకు వంగాడు.

అత్త గరిటెతో కంచం మీద టంగున కొట్టింది. "మళ్లీ మర్సిపోయినావా? నీ నోట్లో మన్ను బడ! పో, ఎనక్కి పోయి నిలబడు!"

ఆ పిల్లను అత్త అంతకుముందు ఎన్నడూ తిట్టి ఉండదు. అచ్చం ఏళ్ల తరబడి తిడుతున్నట్టే తిట్టింది. పాప కళ్లు తుడుచుకుంటూ చివరికి వెళ్లింది. తమ్ముడి చూపు ఆమెతో పాటే వరుస చివరిదాకా వెళ్లి అక్కడే ఆగింది.

తరవాత వచ్చింది ఆ ఆశ్రమంలో అందరికంటే పెద్దపిల్ల. వాక్యాల పోటీలకు ఎక్కడికి పంపినా బహుమతి తెచ్చే పిల్ల, అధ్యాయాలకు అధ్యాయాలు అప్పజెప్పే పిల్ల. అత్త ముందు నిలబడి, పైకప్పు వైపు చూసి, "రాలేదు టీచరమ్మా" అంది.

అత్త గరిటె గాల్లోనే ఆగింది. "ఏమే, నీకు రాకపోవడమేందే?"

"మర్సిపోయినా." వెనక్కి వెళ్లి కొత్తపాప వెనక నిలబడింది.

ఆ తరవాతి పిల్లా మరిచిపోయింది. దాని తరవాతిదీ మరిచిపోయింది. అందులో ఒకతి పళ్లూడిన నోటితో నవ్వాపుకోలేక మరిచిపోయింది. అత్త ముఖంలో మొదట కోపం వచ్చింది, తరవాత ఆ కోపం పోయి ఇంకేదో వచ్చింది, మళ్లీ కోపాన్నే తెచ్చిపెట్టుకుని ఒక్కొక్కరినీ తిట్టి వెనక్కి పంపింది.

"ఏం మిషనమ్మా ఇది! ఒక్కదానికీ నోరు తిరగదే!" అని తమ్ముడు పగలబడి నవ్వాడు. నాకూ నవ్వు వచ్చేదే. కానీ అప్పుడు అర్థమైంది. ఆ పిల్లలు ఒక్కొక్కరే వెనక్కి వెళుతుంటే, చివరికి వెళ్లిన పాప ఒక్కో అడుగూ ముందుకు వస్తోంది. వాళ్లు ప్రేమతో చేసిందే ఆమెను మళ్లీ గరిటె ముందుకు తోసుకొస్తోంది. వాళ్లకది తట్టలేదు. 

పాప రెండోసారి వచ్చి నిలబడింది. తమ్ముడి నవ్వు ఆగింది. ఇప్పుడు ఆ ముఖాన్ని పట్టి చూస్తున్నాడు. అత్త దగ్గర తిట్లు కూడా అయిపోయాయి.

అంతసేపూ పలకని అన్న లేచాడు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని పాప దగ్గరికి వెళ్లి, తమ్ముడికి అడ్డంగా నిలబడ్డాడు. వంగి ఆ ముఖంలోకి చూశాడు. చాలాసేపు చూశాడనే నాకు అనిపించింది. వంటింటి కిటికీ గుడ్డ కదలడం మానేసింది.

"ఎవురికీ రాలేదు గదమ్మా, ఇంగేం అడుగుతావు?" అన్నాడు అత్తతో. "ఆకలి మింద బిడ్డల్ను నిలబెట్టొద్దు. ముందు ఈ పాపకు పెట్టు."

అత్త ముద్ద పెట్టింది. అత్త తన చేత్తో వాక్యం లేకుండా పెట్టిన ముద్ద నేనెరిగి అదొక్కటే.

"మన పిల్ల ఈడ లేదురా. పా, పోదాం" అని అన్న గేటు వైపు నడిచాడు. తమ్ముడు సణుగుతూ, వెనక్కి చూస్తూ వెళ్లాడు. మోటారు సైకిలు చప్పుడు వినపడనంత దూరం పోయేదాకా ఎవరూ ముద్ద ముట్టలేదు. తల్లి కట్టెల వెనక నుంచి లేవలేకపోతే వంటమనిషి, నేను పట్టి లేపాం.

భయం మాత్రం వాళ్లతో పాటు పోలేదు, ఇంకా పెరిగింది. "ఆయన గుర్తు పట్టినాడప్పా. నలుగురిని ఏసుకుని మళ్లీ వస్తాడు" అంది అత్త. మర్నాడు పొద్దున్నే తల్లినీ బిడ్డనూ నాతో బస్సెక్కించి కుప్పానికే పంపింది. పారిపోయి వచ్చిన చోట ఎవరూ వెతకరని ఆమె ఆలోచన. దారి పొడుగునా బస్సు వెనక వచ్చే ప్రతి మోటారు సైకిలునూ మా కోసమే వస్తున్నదన్నట్టు చూశాను. పాప కిటికీ పక్కన కూర్చుని, పెద్దపిల్ల రాత్రంతా నేర్పిన వాక్యాన్ని తప్పుల్లేకుండా చెప్పుకుంటూ వచ్చింది. కుప్పం స్టేషనులో ఆ చర్చి ఆమె వాళ్లను బెంగళూరు బండి ఎక్కించింది. అక్కడ అదే మిషన్‌కు ఇంకో ఆశ్రమం ఉంది. కొన్నేళ్లు క్రిస్మస్‌కు కబురు వచ్చేది. రెండు వేల సంవత్సరం దాటాక అత్త పని మానింది, ఆ కబురూ ఆగింది.

అన్నదమ్ములు మళ్లీ రాలేదు. ఆయన గుర్తు పట్టాడని భయపడిన అత్తే, తరవాత దేవుడు ఆయన కళ్లు కప్పాడని చివరిదాకా నమ్మింది. తోడబుట్టినవాడి పోలిక అంత దగ్గర నుంచి చూసి పోల్చుకోలేని మనిషి ఉంటాడా అని నా వాదన. తరవాత చాలా ఏళ్లకు చౌడేపల్లెలో పాల కేంద్రం దగ్గర ఆ అన్న కనిపించాడు. ముసలివాడయ్యాడు. నన్ను గుర్తుపట్టి, "ఏమప్పా గుమాస్తా, మీ మిషన్‌లో బిడ్డలకు ఇప్పుడన్నా వాక్యాలు వస్తాండాయా?" అన్నాడు. వస్తున్నాయన్నాను. నవ్వి, పాల క్యాను ఎత్తుకుని వెళ్లిపోయాడు. అప్పుడూ నాకు భయమే వేసింది. పాప ఎక్కడుందని అడుగుతాడేమోనని మోపెడ్ ఎక్కేశాను.

ఇప్పుడాయన లేడు, అత్తా లేదు. ఆశ్రమం ఉన్నచోట దుకాణాలు లేచాయి. ఆ పాపకు నలభై దాటి ఉంటాయి. బెంగళూరులో ఏ వీధిలోనో తన పిల్లలకు వడ్డిస్తూ ఉంటుందని అనుకుంటాను. ఇన్నేళ్లలో ఎన్నో సంగతులు మాసిపోయాయి గానీ, పాప మీదికి వంగిన ఆ అన్న ముఖం మాత్రం మాయలేదు. నేనెంత వాదించినా, ఆయన ఆ పాపను గుర్తుపట్టాడో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.